అజమాయిషీకి వచ్చిన ఇన్‌కంటాక్సు ఆఫీసరు

నిన్న సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు మా వీధిలో కరెంటు పోయింది. తరచు పోయేదే. అలవాటు కొద్దీ దీపం తెమ్మని లోపలికి కేకవేశాను. వేశాక గాని ఆ కేకకు పలికే మనిషి కిందటి వేసవిలోనే పోయిందన్న సంగతి గుర్తుకు రాలేదు. లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి వెళ్లి, గూట్లో ఉన్న కిరసనాయిలు దీపం నేనే వెలిగించుకున్నాను. వత్తి తగ్గిస్తూ ఉంటే, ఈ నూనె ఇంటి పద్దులో రాయాలా, రాత పద్దులో రాయాలా అన్న ప్రశ్న దానంతటదే మనసులోకి వచ్చింది. అది నా ప్రశ్న కాదు, ఆమెది. మేము కొత్తగా కాపురం పెట్టిన రోజుల్లో రోజూ సాయంత్రం, దీపం వెలిగించే వేళకు ఆమె అడుగుతూ వచ్చిన ప్రశ్న.

అప్పటికి మా ప్రాంతం మద్రాసు రాజధానిలో, అంటే మద్రాసు రాష్ట్రంలో ఉండేది. మా మార్కాపురం కర్నూలు జిల్లాలో ఉండేది. రైలుబండి దిగితే స్టేషను నుంచి ఊళ్లోకి జట్కా కట్టించుకుని రావాలి. ఊళ్లో ఎటు వెళ్లినా పలకల కార్ఖానాలు, రాయి చీల్చే ఉలి చప్పుడు. నేను ఆ ఊళ్లో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుని, రాసి బతుకుతూ ఉండేవాణ్ణి. మద్రాసు మాసపత్రికలకు కథలు పంపేవాణ్ణి. ఒక ప్రచురణకర్తకు పిల్లల వాచకాలు రాసి ఇచ్చేవాణ్ణి. పలకల కంపెనీలు పైఊళ్లకు పంపే ప్రకటన కాగితాలకు నాలుగు మాటలు కూర్చి పెట్టేవాణ్ణి. ఈ పనికి ఏమి పేరు పెట్టాలో మా వైపు ఎవరికీ తెలియదు. దస్తావేజులు రాసేవాణ్ణి కాదు, బడిపంతులును కాదు, గుమాస్తాను కాదు. పెళ్లిళ్లలో నన్ను కొత్తవారికి పరిచయం చేయవలసి వస్తే మా బంధువులు కొంచెం తడబడి, "మద్రాసుకు రాస్తుంటాడు" అనేవారు.

మా నాయన పుల్లలచెరువు వైపు మెట్టసేద్యం చేసుకునే మనిషి. జొన్న, కంది, ఆముదం. వాన పడితే పంట, లేకపోతే లేదు. ఆయనకు చదువు లేదు. నన్ను చదివించాడు గాని, చదివి నేను చేస్తున్నది పని అని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. వచ్చినప్పుడల్లా గుమ్మంలోనే చెప్పులు విడుస్తూ, "రాసుకో నాయనా, ఎవురొద్దన్నారు? పగలు పని చేసుకోని మాపటికి రాసుకో" అనేవాడు. ఆ ఏడు వేసవిలో తనకు తెలిసిన ఒక పలకల కంపెనీ యజమానితో మాట్లాడి, నా కోసం గుమాస్తా పని ఖాయం చేసి వచ్చాడు. దీపావళి దాకా ఆ చోటు ఖాళీగా ఉంచుతానని యజమాని మాట ఇచ్చాడట. నేను అవుననలేదు, కాదనలేదు. కార్ఖానా లెక్కలలో పగలంతా గడిపినవాడు సాయంత్రం వచ్చి కథ రాయడని నాకు తెలుసు. అందులోకి వెళ్తే నా రాత ముగిసినట్లే. ఆ మాట ఆయనకు ఎలా చెప్పాలో తెలియక రోజులు జరిపాను.

ఆ వేసవిలోనే ఇన్‌కంటాక్సు నోటీసు వచ్చింది. పన్ను వేసే ఆదాయ పరిమితిని అప్పుడే బాగా కిందికి దించారు. వాచకాల కోసం ప్రచురణకర్త ఒక్కసారిగా ఇచ్చిన పైకం అతని లెక్కల్లో నా పేరు మీద పడి, అక్కడి నుంచి నా చిరునామా కర్నూలు దాకా వచ్చింది. ఆ పైకం అప్పటికే ఇంటి అద్దెకూ, పాత బాకీలకూ అయిపోయింది. నోటీసు పట్టుకుని ఒక ప్లీడరుగారి దగ్గరకు వెళ్తే, భయపడవద్దని, వృత్తి కోసం పెట్టిన ఖర్చు తీసివేసి మిగిలినదాని మీదనే పన్ను ఉంటుందని, అయితే ఆ ఖర్చుకు లెక్క చూపించాలని, చూపించలేకపోతే ఆఫీసరు తనకు తోచిన అంచనా వేస్తాడని చెప్పారు. వచ్చిన డబ్బంతటి మీదా పన్ను పడితే కట్టడానికి నాకు ఒకే దారి ఉంది. అది పలకల కంపెనీ.

లెక్క మా ఇంట్లో ఉంది. కాకపోతే కాగితం మీద లేదు.

మా ఇంట్లో కాగితం ప్రెస్సుకు పంపే సాపు ప్రతికి మాత్రమే. చిత్తు అంతా పలకల మీదనే రాసేవాణ్ణి. అంచు విరిగినవి, చట్రం బిగించడానికి పనికిరానివి కార్ఖానాల వెనక గుట్టగా పడి ఉండేవి. అణా ఇస్తే మోసుకోగలిగినన్ని ఇచ్చేవారు. పెద్ద పలక ఒళ్లో పెట్టుకుని బలపంతో రాయడం, నచ్చనిది అరచేత్తో తుడిచేయడం, నచ్చినదాన్ని నా భార్య ముత్యాల్లాంటి అక్షరాలతో కాగితం మీదికి ఎత్తడం, ఇదీ మా పద్ధతి. ఖర్చుల లెక్క కూడా ఆమె పలకల మీదనే రాసేది. నెలకొక పలక. నడుమ నిలువుగా గీత, ఒక పక్క ఇల్లు, ఒక పక్క రాత. నెల కాగానే ఆ పలకను వసారా గోడకు ఆనించి, మరొకటి మొదలుపెట్టేది.

ఏది ఏ పక్క రాయాలన్నదే మా సాయంత్రాల చర్చ. దీపం ముందర నేను రాస్తూ ఉంటే అదే వెలుతురులో ఆమె కందిపప్పులో రాళ్లు ఏరుతూ ఉండేది. ఆ నూనె ఎవరిది? సగం ఇటు, సగం అటు అని తీర్మానం. రాస్తూ తాగిన కాఫీ? రాయకపోయినా తాగుతారు కాబట్టి ఇల్లు. నేను ఒకసారి వాచకాల పని మీద మద్రాసు వెళ్లి వస్తూ ఆమెకు ఒక చీర తెచ్చాను. రైలు చార్జీ ఎటు రాయాలని బలపం పట్టుకుని చాలాసేపు ఆలోచించి, "మీరు చీర కోసరం పోలేదు గదా" అని రాత పక్కన రాసింది. ఆ మాటలో కొంచెం నిష్ఠూరం ఉంది. చీర ధర మాత్రం ఇంటి పక్కనే పడింది.

నోటీసు సంగతి తెలిసి మా నాయన కంగారుపడతాడనుకున్నాను. ఆయన ఊళ్లో కరణంగారి చేత విషయం విడమరచి చెప్పించుకుని, మరునాడే బండి కట్టుకుని వచ్చాడు. వచ్చి, ఆ కాగితం చేతికి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, ఎన్నడూ లేనిది నా రాతబల్ల పక్కన కూచున్నాడు. మా వైపు శిస్తు కట్టేవాడంటే ఆసామి. నలుగురిలో మాట చెల్లే మనిషి. సర్కారు శిస్తు అడిగిందంటే అక్కడ పండేది ఏదో ఉన్నట్లే ఆయన లెక్క. "సెంటు భూమి లేకుండానే ఆసామివైనావే" అని నవ్వాడు. పలకల కంపెనీ మాట ఆ రోజు ఎత్తలేదు. ఆఫీసరు ఒప్పుకోకపోతే ఆ పనిలో చేరక తప్పదని మాత్రం నేనే చెప్పవలసి వచ్చింది.

దసరా అయిన వారానికి ఆఫీసరుగారు మార్కాపురంలో క్యాంపు పెడతారని కబురు వచ్చింది. నవరాత్రుల పనుల్లో పడి, పలకల మీది లెక్క కాగితం మీదికి ఎత్తడం పండుగ తరవాతకు వాయిదా వేశాము. సరస్వతీ పూజనాడు ఎలాగూ రాయకూడదు. పుస్తకాలూ కలమూ దేవుడి దగ్గర పెట్టేసేవాళ్లం. మా ఊళ్లో ఆ పూజకు పుస్తకాలతో పాటు పలకలు కూడా కడిగి, పసుపూ కుంకుమా పెట్టి ఉంచడం అందరూ చేసేది. ఇంట్లో ఒక కొత్త పలక ఈ పూజకని వేరుగా ఉండేది.

ఆ పండుగకు మా నాయన మా ఇంటికి వచ్చాడు. పొద్దున నేను తపాలా చూసుకోవడానికి వెళ్లాను, ఆమె పూలకు వెళ్లింది. మేము తిరిగి వచ్చేసరికి వసారాలో పలకలన్నీ వరుసగా ఎండకు ఆరవేసి ఉన్నాయి. నల్లగా, తళతళలాడుతూ. మా నాయన పంచె ఎగగట్టి, చేతిలో దొండాకులతో, చెమట కారుస్తూ నిలబడి ఉన్నాడు.

"ఇంట్లో ఇన్ని పెట్టుకోని ఒగటే కడుగుతారా? అన్నీ నేనే రుద్ది రుద్ది కడిగినా. ఇంగ చూడు, ఎట్ల మెరుస్తుండాయో" అన్నాడు.

నేను ఏమి అనేవాణ్ణో తెలియదు. ఈలోగా నా భార్య పూల బుట్ట కింద పెట్టి, కొంగు బిగించి, గిన్నెలో పసుపు కలుపుకుని వచ్చి, ఒక్కొక్క పలకకూ బొట్టు పెట్టింది. ఆఖరి పలక దాకా పెట్టింది. "బాగ కడిగినారు మామా" అన్నది. నన్ను చూసి, భోజనాలు అయ్యేదాకా ఏమీ అనవద్దని కళ్లతోనే చెప్పింది. పూజ అయింది, పులిహోర తిన్నాము, మా నాయన చాలా సంతోషంగా ఉన్నాడు. ఈనాటికీ నేను ఆమెను తలుచుకుంటే ముందుగా గుర్తుకు వచ్చేది ఆ గిన్నెలోని పసుపే.

మధ్యాహ్నం సంగతి చెప్పాము. ఆయన పలకల వైపు చూసి, "అయితే ఇంగ నువ్వు కంపెనీకి పోవాల్నా?" అని మాత్రం అడిగాడు.

మరునాటి నుంచి నేనూ మా నాయనా బజారులో పడ్డాము. దుకాణాల వాళ్లు ఫలానా వస్తువు ఇతను మా దగ్గర కొన్నాడని చీటీ రాసి ఇస్తే ఆధారం ఉంటుందని నా ఆలోచన. ఇన్‌కంటాక్సు అన్న మాట వినగానే బజారంతా నా ముఖం మరిచిపోయింది. కాపురం పెట్టినప్పటి నుంచీ మాకు కిరసనాయిలు పోసే దుకాణదారు చేతులు జోడించి, "అన్నా, నీ పన్ను నువ్వు కట్టుకో, ఆ ఆఫీసరుకు నా దుకాణం దావ చూపీబాకు" అన్నాడు. మా నాయన ఊరుకోలేదు. "నువ్వు నూనె అమ్మలా? నీళ్లు అమ్మినావా?" అని అతని అరుగు మీదనే మధ్యాహ్నం దాకా కూచున్నాడు. బేరాలు చెడతాయని చివరకు అతను ఒక కాగితం ముక్క మీద నూనె అమ్మినట్లు రాశాడు గాని, ఎవరికి అమ్మినదీ రాయలేదు, సంతకమూ పెట్టలేదు. కాగితాల దుకాణం వాడు అదీ ఇవ్వలేదు.

క్యాంపు రోజున ట్రావెలర్సు బంగళా వరండాలో షావుకార్లు ఎర్రగుడ్డలో చుట్టిన లెక్కల బహీలు ఒళ్లో పెట్టుకుని వరుసగా కూచుని ఉన్నారు. నేను వద్దంటున్నా మా నాయన వెంట వచ్చాడు. ఆఫీసరుగారు నడివయసు మనిషి. తమిళ ప్రాంతం వారు. పుస్తకాలలో ఉన్నట్టి తెలుగు మాట్లాడారు. ఖర్చులకు ఆధారాలేవని అడిగారు. నేను జరిగింది జరిగినట్లు చెప్పాను. ఆయన కలం కింద పెట్టి, "లెక్కలు చెదలు తిన్నవాళ్లను చూశాను, వరదలో పోయినవాళ్లను చూశాను. సరస్వతీ పూజలో పోవడం ఇదే మొదటిసారి" అన్నారు. వరండాలో ఎవరో నవ్వారు.

"పోలా సామీ, నేనే కడిగినా" అని మా నాయన గుమ్మంలో నుంచి లోపలికి వచ్చాడు. నేను ఆపబోయాను. ఆయన ఆగలేదు. "వీడు నా కొడుకు. నాకు చదువు రాదు. వాటి మీద లెక్కుందని నాకు తెలీదు. తప్పు నాదయితే పన్ను వీని మీద యాడన్నా ఎక్కువేస్తారా? మా తావ పైరెండిపోతే తాసిల్దారుగారు వచ్చి గట్టు మీద నిలబడి చూస్తాడు. చూసి వజా రాస్తాడు, శిస్తు తీసేస్తాడు. రసీదు తెమ్మని అడగడు. మీరు గుడక ఒకసారి వచ్చి అజమాయిషీ చేసి పోండి."

తాను రెవిన్యూ ఉద్యోగి కానని ఆఫీసరుగారు ఓపికగా చెప్పారు. "పన్ను పన్నే గదా సామీ" అన్నాడు మా నాయన.

ఆయన ఎందుకు ఒప్పుకున్నారో నాకు ఈనాటికీ తెలియదు. ఆ సాయంత్రం షికారు వెళ్తూ, బంట్రోతును వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చారు. నులకమంచం మీద కూచున్నారు. మా నాయన చేను చూపించే రైతులాగానే ఇల్లంతా తిప్పి చూపించాడు. వీడు కూచునే చోటు ఇది, దీపం పెట్టే గూడు ఇది, పలకలు ఇవి. గూటి పైన దూలానికి పట్టిన మసి వేలితో గీకి, "నూనె కాలకుంటే ఇంత మసి యాడిది సామీ?" అన్నాడు. మొద్దుబారిన పాళీలు వేసి ఉంచిన డబ్బా ఒకటి కనబడితే అదీ తెచ్చి ఆయన ముందు బోర్లించాడు. ఆఫీసరుగారు నవ్వును మీసాల కింద దాచుకుంటూ, తపాలా ఖర్చు మాట ఏమిటని నన్ను అడిగారు.

అప్పుడు వంటింటి తలుపు వెనక నుంచి నా భార్య గొంతు వినబడింది. "మామా, అటక మీద గోతాం ఉండాది."

ఆ గోతాంలో ఏముందో నాకు తెలుసు. పత్రికల నుంచి తిరిగి వచ్చిన కథలు. నేను పారేయమన్నవాటిని ఆమె కవర్లతో సహా దాచి పెట్టింది. మా నాయనకు నేను అచ్చయినవే చూపించేవాణ్ణి. ఎన్ని తిరిగి వచ్చాయో ఆయనకు తెలియవలసిన అవసరం లేదనుకునేవాణ్ణి. ఆయన నిచ్చెన వేసుకుని ఎక్కి, గోతాం దించి, నేల మీద గుమ్మరించాడు. నా దస్తూరీ కాదు, ఆమె దస్తూరీతో ఉన్న కాగితాల కట్టలు, తపాలా ముద్ర పడిన కవర్లు గదిలో సగం దాకా పరుచుకున్నాయి.

"ఇయ్యేంది?" అన్నాడు.

"తిరిగి వచ్చినవి నాయనా" అన్నాను.

"ఇన్నా?"

ఆయన కింద కూచుని, ఒక కట్ట చేతిలోకి తీసుకుని, దుమ్ము తుడిచి, మళ్లీ జాగ్రత్తగా అక్కడే పెట్టాడు. తరవాత ఆఫీసరుగారి వైపు తిరిగి, "ఎండిన పైరు సామీ. ఇన్నేండ్లు నాకు గుడక చెప్పలా వీడు. అయినా మళ్లా మళ్లా ఎదబెట్టినాడు" అన్నాడు.

నేను రాసినవాటి గురించి ఆ తరవాత చాలామంది మంచి మాటలు చెప్పారు. అందులో ఏదీ నాకు ఆ మాటంత ఉపయోగపడలేదు.

ఆఫీసరుగారు కవర్ల మీది బిళ్లలు చూసి తపాలా ఖర్చు తానే రాసుకున్నారు. కాగితాలను చూసి కాగితం ఖర్చు కట్టారు. నూనెలో సగం, రైలు చార్జీ ఒప్పుకున్నారు. కాఫీ ఒప్పుకోలేదు. సాపు ప్రతి ఎవరిదని అడిగితే తలుపు వైపు చూపించాను. జీతం ఇస్తున్నారా అన్నారు. లేదన్నాను. ఇవ్వని జీతం ఖర్చు కాదన్నారు. "అయితే రేపటి నుంచి ఇమ్మని చెప్పండి మామా" అని తలుపు వెనక నుంచి వినబడింది. ఆ మరుసటి నెల నుంచి ఇచ్చాను. ఆమె ఆ డబ్బుతో మొట్టమొదట ఒక పత్రికకు చందా కట్టి, అది ఏ పక్కన రాయాలని నన్నే అడిగింది.

ఇంకొక్క ఖర్చు కలిస్తే నేను ఆ పరిమితి కిందికి వచ్చి పన్నే లేకుండా పోయేది. ఇంటి అద్దెలో కొంత భాగం రాత కింద చూడవచ్చునని ఆఫీసరుగారే ఆలోచనలో పడ్డారు. మా నాయనకు సంగతి అర్థమై, రెండు చేతులూ అడ్డం పెట్టాడు. "అంతా మాఫీ చెయ్యబాకండి సామీ. కొంచెమన్నా ఉంచండి. వాన్ని కట్టేటోనిగా ఉండనీయండి."

ఆఫీసరుగారు పగలబడి నవ్వారు. అద్దె కలపలేదు. మిగిలిన పన్ను నేను కట్టగలిగినంతే. తాలూకా ఖజానాలో కట్టే రోజున మా నాయన ఊరి నుంచి చలువ పంచెలో వచ్చి, నా పక్కనే వరుసలో నిలబడ్డాడు. అటు నుంచి అటే పలకల కంపెనీకి వెళ్లి, యజమానితో, "మావోడు సర్కారుకు పన్ను కట్టేటోడు. నీ కాడ గుమాస్తాగా యాడొస్తాడు?" అని చెప్పి వచ్చాడట. ఆ మాట ఆ యజమానే తరవాత నాతో నవ్వుతూ చెప్పాడు. ఆయన కంపెనీ ప్రకటనలు ఆ తరవాత చాలా ఏళ్లు నేనే రాశాను.

మరుసటి దసరా నుంచి నా భార్య ఒక పద్ధతి పెట్టింది. పూజ రెండు రోజులుందనగా పలకల మీది లెక్కంతా కాగితం మీదికి ఎత్తేది. ఎత్తిన తరవాత పలకలు మళ్లీ వసారాలో ఎప్పటిలాగా ఆనించి పెట్టేది. మా నాయన వచ్చి, గుమ్మంలో చెప్పులు విడుస్తూనే, "అమ్మా, ఇప్పుడు కడగొచ్చునా?" అని అడిగేవాడు. "అన్నీ కడగండి మామా" అనేది. ఆయన దొండాకులతో పొద్దున్నంతా రుద్ది కడిగేవాడు. ఆయన పోయిన తరవాత ఆ పని ఆమె చేసింది. వెనక కాగితం చౌక అయి, లెక్క పుస్తకాలలోకి వెళ్లినా, ఆ పూజకని ఇంట్లో నాలుగు పలకలు ఉంచుకుని కడుగుతూనే వచ్చింది.

ఇప్పుడు నా లెక్కలు ఒంగోలులో ఒక ఆడిటరుగారు చూస్తారు. మంచివాడు. రసీదులు పంపితే ఆయనే అన్నీ సరిచేసి, సంతకం పెట్టవలసిన చోట గుర్తు పెట్టి పంపుతాడు. నేను రాసే గది ఆయన ఎన్నడూ చూడలేదు, చూడవలసిన పనీ లేదు. నిన్న కరెంటు తిరిగి వచ్చేదాకా ఆ దీపం దగ్గరే కూచుని ఈ సంగతి మొదలుపెట్టాను. నూనె సగం ఇటు, సగం అటు అనుకున్నాను. దసరా వచ్చి వెళ్లింది. మా ఇంట్లో ఇప్పుడు పలకలు కడగడం లేదు.